బాగుండే కంటికి కట్టు

"పెనుకొండ రెండు, ధర్మవరం ఒకటి," అంది మంజులత కండక్టరుతో.

బస్సు హిందూపురం బస్టాండు గేటు దాటకముందే ఆ మాట అనేసింది. కండక్టరు ఆధార్ కార్డులు చూసి, ఆడవాళ్ళకు ఇచ్చే సున్నా టికెట్లు మూడు చింపి చేతిలో పెట్టి ముందు సీటుకు పోయాడు. అతనికేం తెలుసు. పొద్దున ధర్మవరంలో ఎక్కినప్పుడు మూడు టికెట్లూ ఒకే ఊరివి. పెనుకొండలో మంజులత పుట్టిల్లు ఉంది. కోడలు పుట్టింటికి పోవడం వింతేమీ కాదు, కానీ పండగ లేదు, పబ్బం లేదు, మార్చుకునే గుడ్డలు కూడా వెంట తెచ్చుకోలేదు. ఆ రెండింటిలో రెండో టికెట్టు మనవరాలు గీతాంజలిది. కుళ్ళాయమ్మకు అరవై రెండేళ్ళు, చదువు రాదు, అయినా ఇందులో తెలియనిదేమీ లేదు. పెనుకొండ గంట ప్రయాణం. ఈ గంటలో కోడలి మనసు మారితే ముగ్గురూ ఇంటికి పోతారు, మారకపోతే తనొక్కతే పోయి ఇంటి తాళం తీయాలి. ఎన్ని రోజులకని అడుగుదామంటే నోరు రాలేదు. అడిగే ముఖం పొద్దున ఆసుపత్రిలోనే పోయింది.

కిటికీ పక్కన మంజులత, మధ్యలో గీత, ఈ చివర కుళ్ళాయమ్మ. పిల్ల కుడి కంటి మీద కొత్త కట్టు, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న అంటుపట్టీ, దాని మీద కళ్ళజోడు. డాక్టరమ్మ ఏమని చెప్పింది? చుక్కలు వేశాం, ఈ రోజంతా మసకగా ఉంటుంది, కట్టు రేపటి నుంచి మొదలుపెట్టండి అని కదా. మంజులత రేపటిదాకా ఆగలేకపోయింది. బస్టాండులో బెంచీ మీద పిల్లను కూర్చోబెట్టి, ప్యాకెట్టు పళ్ళతో చింపి, అంచులు బొటనవేలితో నొక్కి నొక్కి అంటించింది. పది నెలలు పోగొట్టుకున్న మనిషికి ఇంకో పూట కూడా ఎక్కువే. రేపటి నుంచి అన్నారు కదమ్మా అని కుళ్ళాయమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది. ఈ ఒక్కసారీ ఆమె చెప్పబోయేదే నిజం, కానీ అబద్ధమాడిన నోటితో నిజం చెప్తే ఎవరు వింటారు. మింగేసింది. ఎండ ముఖాన పడినప్పుడల్లా పిల్ల ఎడమ కంటిని చిట్లించుకుని, అలవాటుగా అవ్వ ఒళ్ళోకి వాలబోయింది. మంజులత ఆ తలను మెల్లగా తన వైపు తిప్పుకుని భుజానికి ఆనించుకుంది. ఊరు దాటకముందే గీత నిద్రపోయింది.

నిద్రలో కూడా ఆ రెప్ప కింద కన్ను కదులుతోంది. ఇటు పోతుంది, అటు వస్తుంది, రెప్ప మీద చిన్న ఉబ్బు గోలీ దొర్లినట్టు దొర్లుతుంది. చూడకూడదు అనుకుంటూనే కుళ్ళాయమ్మ చూస్తోంది. మొగుడు శ్రీరాములు కళ్ళూ ఇట్లే కదిలేవి. ముప్పై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి, పోగు మోసే నాడె ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు పరిగెడుతుంటే తల కదిలేది కాదు, కళ్ళు మాత్రం దాని వెంట పోయేవి. పెళ్ళైన కొత్తలో ఆ కళ్ళు చూసి నవ్వొచ్చేది ఆమెకు, నా మొగుడు పెళ్ళాన్ని చూసిన దానికంటే నాడెను చూసిందే ఎక్కువ అని అక్కచెల్లెళ్ళతో అనేది. చూపు పోయాక కూడా అవి ఆగలేదు. పక్కింట్లో మగ్గం చప్పుడు మొదలైతే చాలు, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కళ్ళు రెండూ ఆ చప్పుడు వెంట పోతూ వస్తూ ఉండేవి. చూసేదానికి ఏమీ లేదు, పోవడం మాత్రం పోయేవి. చనిపోయిన రోజు రెప్పలు ఆమే మూసింది. ఒకటి సరిగా మూసుకోలేదు. అరచేత్తో నొక్కిపట్టి కూర్చుంటే, ఆ రెప్ప కింద ఏదో ఇటు నుంచి అటు కదిలి చేతికి తగిలింది. ఎవరికీ చెప్పలేదు, చెప్తే పిచ్చిదంటారు. నాలుగేళ్ళవుతోంది. ఇప్పటికీ పిండి కలుపుతున్నప్పుడో, పిల్లకు తల దువ్వుతున్నప్పుడో ఆ అరచేతి నడుమ అదే కదలిక వస్తుంది, ఆమె చెయ్యి చీరకు తుడుచుకుంటుంది.

అంచు కనబడటం లేదని మొదట అన్నాడాయన. చీర నడుమ పువ్వులన్నీ బాగానే కనబడుతున్నాయి, రెండు పక్కలా ఉండే అంచు మాత్రం తల తిప్పితే గానీ తెలియడం లేదని. అరవై దగ్గరపడిన మనిషికి కంటికి పొర రాదా, పొర పండాలి, పండకముందే తీయిస్తే పచ్చికాయ కోసినట్టే అని వీధిలో అందరూ అన్నారు, అందరికంటే గట్టిగా కుళ్ళాయమ్మే అంది. శ్రావణం పోనీ, పెళ్ళిళ్ళు పోనీ అంటూ రెండేళ్ళు ఆ పొరను పండబెట్టింది. అది పొరే కాదు. అనంతపురంలో డాక్టరు లైటు వేసి చూసి, నీటికాసులమ్మా ఇది, లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది, ఇది పక్కల నుంచి తింటూ నడిమికి వస్తుంది, ముందే తెచ్చుంటే మిగిలిన చూపైనా కాపాడేవాళ్ళం అన్నాడు. ఇంటికి వచ్చేదాకా శ్రీరాములు ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఉన్న మూడేళ్ళూ పొద్దున లేస్తూనే చెయ్యి గాల్లోకి చాపి ఆమె ముఖం కోసం వెతికేవాడు. వేళ్ళు ముక్కుకు తగిలాక, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా, "కనపల్లేదే కుళ్ళాయీ," అనేవాడు. ఆ మామూలుతనమే ఆమెను కోసేసింది.

బస్సు ఎక్కడో ఆగి గొర్రెల మందను పోనిచ్చి కదిలింది. మంజులత కిటికీ బయటికే చూస్తోంది. కంపెనీకి పోయే రోజు కట్టుకునే గట్టి జడే ఈ రోజూ, చెవి వెనక చెమట. అరవదు ఈ కోడలు, అదే భయం. మెల్లకన్ను అదృష్టమమ్మా, ఆ బిడ్డ పట్టిందల్లా బంగారమవుతుంది అని ఎంతమంది చెప్పినా వినకుండా, కూతురిని హిందూపురం తీసుకొచ్చింది కూడా ఈమే. అప్పుడు గీతకు ఆరేళ్ళు దాటాయి. ఎడమ కన్ను ముక్కు వైపుకు తిరిగి ఉంటుంది. డాక్టరమ్మ సుమలత చిన్న వయసే, ఓపిక ఎక్కువ, బొమ్మ వేసి మరీ చెప్పింది. ఒక్కో కంటిని తిప్పేదానికి ఆరేసి కండరాలు ఉంటాయి, రెండు కళ్ళూ జోడెద్దుల్లా కలిసి పోవాలి. ఒకటి పక్కకు లాగితే అన్నీ రెండుగా కనబడతాయి, ఆ గోల పడలేక పిల్ల మెదడు ఈ కన్ను చెప్పేది వినడమే మానేసింది. కన్ను చెడలేదు, దాని మాట చెల్లడం లేదు, అంతే. బాగున్న కంటిని రోజూ ఆరు గంటలు మూసేస్తే గత్యంతరం లేక దీని మాట వింటుంది. వింటే ఏడెనిమిదేళ్ళలోపే వినాలి, తర్వాత కష్టం. కుళ్ళాయమ్మకు అంతా అర్థమైంది. గట్టి గొంతు కోడలు ఊరికి పోతే గానీ ఇంట్లో అత్తమాట వినబడదు, అంతే కదా అనుకుని అప్పుడు నవ్వుకుంది కూడా.

అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఎనిమిదింటికి మంజులత గార్మెంట్స్ కంపెనీ బస్సు ఎక్కుతుంది, ఆరింటికి దిగుతుంది. కొడుకు చంద్రమోహన్ బెంగళూరులో పవర్‌లూమ్ దగ్గర, పదిహేను రోజులకొకసారి వస్తాడు. కాబట్టి కట్టు పని అవ్వ మీదే పడింది. అంటుపట్టీకి పిల్ల చర్మం ఎర్రబడిందని, కుళ్ళాయమ్మే రోజారంగు జాకెట్టు ముక్కతో కళ్ళజోడు అద్దానికి తొడిగే చిన్న సంచి కుట్టింది. నాలుగు కుట్లు, ఒక ఎలాస్టిక్. మొదటిరోజు కుడి అద్దానికి తొడిగింది. గీత ఏడవలేదు, ఏడ్చి ఉంటే మిఠాయి పెట్టి ఊరుకోబెట్టేది. మంచం మీద నుంచి లేచి, చెయ్యి గాల్లోకి చాపి, వెతికి వెతికి అవ్వ ముక్కు పట్టుకుని, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా, "అవ్వా, కనపల్లేదు," అంది. ఆ చెయ్యి ఆరేళ్ళ పిల్లదని, ఆ గొంతు ఆరేళ్ళ పిల్లదని ఎంత చెప్పుకున్నా లాభం లేకపోయింది. మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు మంజులత వీధి మలుపు తిరగగానే సంచి తీసి ఎడమ అద్దానికి మార్చింది. రోంతసేపే అనుకుంది. దెబ్బ తగిలిన కాలికే కదా ఎవరైనా కట్టు కట్టేది, నడిచే కాలికి కడతారా అని తనకు తనే ఒక న్యాయం చెప్పుకుంది. పిల్ల ముఖం విప్పారింది. మరుసటి రోజూ రోంతసేపే. ఆ మరుసటి రోజూ. సాయంత్రం కంపెనీ బస్సు హారన్ వినబడగానే, "గీతా, రా, మార్చుకుందాం" అంటే పిల్ల ఆటలాగా పరిగెత్తి వచ్చేది. అమ్మకు చెప్పద్దని నేర్పింది కూడా తనే. పైగా ముక్కు వైపు తిరిగిన కన్ను సంచి కింద కనబడకుండా పోయేసరికి, నీ మనవరాలికి కన్ను బాగైనట్టుండాదే కుళ్ళాయమ్మా అని వీధిలో వాళ్ళు అనడం మొదలుపెట్టారు. అబద్ధమెందుకు, ఆ మాట ఆమెకు తియ్యగానే ఉండింది.

మూడు నెలలకూ ఆరు నెలలకూ రమ్మన్నప్పుడు కంపెనీలో సెలవివ్వలేదు. ఈ పొద్దు ఇచ్చారు. పొద్దున ఆ చీకటి గదిలో గీత గడ్డం చెక్కబల్ల మీద ఆనించి, ఎడమ కంటితో అక్షరాలు చదవమంటే, పెద్ద అక్షరం ఒక్కటి చదివి ఆగిపోయింది. పది నెలల కిందటా అదే అక్షరం. డాక్టరమ్మ బొమ్మ పట్టుకుని ఇటు తిప్పింది, అటు తిప్పింది, కుడి కన్ను చక్కగా వెంట పోయింది, దాన్ని మూసి ఎడమదాన్ని అడిగితే అది దోవ తప్పిన దూడలా వెతుక్కుంది. ఆరు గంటలూ కట్టినారా అంటే, "ఒక్క రోజు కూడా మానలేదు మేడమ్," అంది మంజులత. ఎంత నమ్మకంగా అంది. అప్పుడు డాక్టరమ్మ కాగితం దగ్గరికి లాక్కుని, సరిగా కట్టినా మార్పు లేదంటే ఇక ఈ కంటికి ఇంతేనమ్మా, ఊరికే పిల్లను కష్టపెట్టడం ఎందుకు, ఆపేద్దాం అని రాయబోయింది. ఆ పెన్ను కాగితానికి ఆనేలోపు కుళ్ళాయమ్మ కళ్ళ ముందు అనంతపురం డాక్టరు గది, గోడ పక్కన నిలబడ్డ శ్రీరాములు, అటూ ఇటూ పోతున్న ఆయన కళ్ళు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కన్ను పోతుంది, కాపురం ఉంటుంది, పిల్ల ఒళ్ళోనే ఉంటుంది. "రాయద్దు తల్లీ," అంది. "నేను కట్టింది ఆ కంటికి కాదు." పెన్ను ఆగింది. "అవ్వను తిట్టద్దమ్మా, నేనే అడిగినా," అంది గీత గడ్డం బల్ల మీద నుంచి తీయకుండానే. డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టి, అయితే మనం ఇంకా మొదలే పెట్టలేదన్నమాట, ఏడు దాటింది కదా, ఎంత వస్తుందో చెప్పలేను, వస్తుందనీ చెప్పలేను, కానీ కట్టండి అంది. మంజులత అత్త వైపు తిరగలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా తిరగలేదు.

సోమందేపల్లిలో బస్సు దాదాపు నిండింది. చెనిక్కాయల మూటతో ఒక ముసలామె ఎక్కి, దోవకు అవతలి సీటులో కూలబడి, పైట చెంగుతో ముఖం తుడుచుకుని, పక్కవాళ్ళతో మాటలు కలిపి, తన పేరు చౌడక్క అనీ బుక్కపట్నంలో కూతురింటికి పోతున్నాననీ అడగకుండానే చెప్పేసింది. తర్వాత ఆమె చూపు పిల్ల మీద పడింది.

"ఏమ్మా, పాప కంటికి దెబ్బ తగిలిందా?"

"లేదు. ఆ కన్ను బాగానే ఉండాది," అంది మంజులత.

"బాగుండే కంటికి కట్టేదేందమ్మా! బాగలేనిదానికి కదా కట్టాల. ఎవరు చెప్పినారో గాని..."

మంజులత పిల్ల కళ్ళజోడు సర్దింది. కోడలు వింటుందన్న ఆశతో కుళ్ళాయమ్మ చౌడక్క వైపు వంగింది. "అట్ల కాదక్కా. ఆ రెండో కన్ను సోమరిదైపోయుండాది. ఇది చూస్తాంటే అదెందుకు చూస్తాది చెప్పు? దీన్ని మూసేస్తే దానికి వేరే దిక్కుండదు, నేర్చుకుంటాది. మనం అయ్యో అని తీసేస్తిమా, ఇంక ఎప్పటికీ నేర్చుకోదు. పడినా, ఏడ్చినా తీయకూడదు. చిన్నప్పుడే చేయాల, తర్వాత ఏ డాక్టరూ చేసేదేమీ ఉండదు." చెప్తూ చెప్తూ ఆమెకే ధైర్యం వచ్చింది, గొంతు కూడా నిలదొక్కుకుంది. చౌడక్క ఔనా, ఇదేమి విడ్డూరమమ్మా అని బుగ్గన వేలు పెట్టుకుంది. ఆ మాటలన్నీ అయ్యాక మంజులత మొదటిసారిగా ఇటు తిరిగింది. కళ్ళలో నీళ్ళు లేవు. అదే అధ్వానంగా ఉంది.

"ఇంత తెలిసీ చేస్తివే అత్తా," అంది.

గొంతు పెంచలేదు, పిల్ల లేస్తుందని. చౌడక్క మాత్రం వినేసి మూట సర్దుకునే పనిలో పడింది. తెలియక చేసింది, ముసలిది, పాతకాలం మనిషి అని కోడలు తనకు తనే ఏదో సర్ది చెప్పుకుంటూ ఉన్నట్టుంది ఇంతసేపూ, ఆ ఒక్క ఆధారాన్ని కూడా తన చేత్తోనే తీసి పారేసినట్టయింది కుళ్ళాయమ్మకు. ఔను, తెలుసు. మూడొందల రోజులు రోజూ పొద్దున తెలిసే మార్చింది. తెలియడం వేరు, ఆ చెయ్యి గాల్లో వెతుకుతుంటే చూస్తూ కూర్చోవడం వేరు. ఈ సంగతి ఎవరికి చెప్పాలి? ముందు సీటులో ఎవరో తెల్లచొక్కా మనిషి తల కదలకుండా కూర్చుని ఉన్నాడు, ముఖం కనబడదు, కానీ అతని కళ్ళు అటూ ఇటూ పోతూ ఉంటాయని ఆమెకు ఎందుకో గట్టిగా అనిపించింది. రోడ్డు పక్కన కరెంటు స్తంభాలు వెనక్కి పోతున్నాయి. వాటినే చూస్తూ కూర్చుంటే తన కళ్ళు కూడా ఒక్కో స్తంభం వెంట పోయి, చటుక్కున వెనక్కి వచ్చి, ఇంకోదాని వెంట పోతున్నాయి. ఆపుదామని చూసింది. ఆగలేదు.

కొండ దగ్గరపడింది. కోటగోడ కొండ మీదికి ఎక్కుతూ, మాయమవుతూ, మళ్ళీ ఎక్కుతూ కనబడుతోంది. ఈ మలుపు దాటేలోపు కోడలు టికెట్ల సంగతి మరచిపోవాలి, లేదా దేవుడు మరపించాలి. పెనుకొండ, పెనుకొండ అని కండక్టరు అరిచాడు. మంజులత పిల్లను తట్టి లేపింది, చెప్పులు వెతికి తొడిగింది. కుళ్ళాయమ్మ కాళ్ళు పక్కకు పెట్టి దోవ ఇవ్వాలి. ఇవ్వకుండా కాసేపు అట్లే కూర్చుంది, అదొక్కటే ఆమె చేతిలో ఉన్న పని.

"మంజులా, రేపటి నుంచి నేను..."

"వద్దత్తా. నిన్ను తిట్టేదానికి పోతాండానని అనుకోవద్దు. నువ్వు ఓర్చుకోలేవు. నువ్వు కనపడితే అది నిన్నే అడుగుతాది, నువ్వు తీసిస్తావు. కంటికి రోంత చూపు రానీ, వస్తాం. ఆయన ఆదివారం వస్తే పుస్తకాల సంచి పంపించు."

తీయనమ్మా, ప్రమాణంగా తీయను అనాలి. నోరు తెరిచింది. కానీ ఆ చెయ్యి గాల్లోకి లేస్తుంది, ముక్కు పట్టుకుంటుంది, ఆ మామూలు గొంతు వస్తుంది, అప్పుడు తీయకుండా ఉంటావా అని తన్ను తాను అడిగితే, ఉంటానని చెప్పలేకపోయింది. ఒక పొద్దు అబద్ధం ఆపినదానికి మళ్ళీ అబద్ధం ఆడటం చేతకాలేదు. కాళ్ళు పక్కకు పెట్టింది.

గీత నిద్రమత్తులో తల్లి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో సీట్ల కమ్మీలు తడుముకుంటూ దిగింది. అవ్వ వెనకాలే వస్తోందనుకున్నట్టుంది. కింద నిలబడి తల్లి ఏదో చెప్పాక బస్సు వైపు తిరిగింది. కుళ్ళాయమ్మ కిటికీ పక్కకు జరిగి కమ్మీకి ముఖం ఆనించింది. పిల్ల కళ్ళజోడు సర్దుకుని తల పైకెత్తింది, తెరిచి ఉన్న ఆ ఒక్క కన్నూ ముక్కు దగ్గర నుంచి మెల్లగా బయటికి వచ్చి వెతకడం మొదలుపెట్టింది. ఒక్క కేక చాలు. గీతా, ఈడుండా అంటే చాలు, గొంతును చెవులు పట్టేస్తాయి, ముఖం ఇటు తిరిగిపోతుంది, కన్నుకు పని తప్పుతుంది. కుళ్ళాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కన్ను మొదటి కిటికీ దగ్గర ఆగింది, అక్కడ ఎవరో మీసాల మనిషి. కాదనుకుంది. రెండో కిటికీ. మళ్ళీ కాదు. డ్రైవరు గేరు వేశాడు, బస్సు వణికింది. చూడు తల్లీ, చూడు, ఇంకొక్కటి. కన్ను ఆమె కిటికీ దాకా వచ్చింది. ఆమె చెయ్యి కూడా ఊపలేదు, ఊపిరి కూడా తీయలేదు. కన్ను ఆగలేదు. ఆమె ముఖం మీదుగా పోయి వెనక కిటికీ దగ్గర నిలిచింది, పిల్ల పళ్ళన్నీ కనబడేలా నవ్వి, ఎవరూ కూర్చోని ఆ కిటికీకి చెయ్యి ఊపింది.